అనుమానం వచ్చినప్పుడే చెప్పండి

(హైదరాబాద్‌లో చిన్న సంస్థల సిస్టమ్ అడ్మిన్ల కోసం జరిగిన సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చిన్న ఆసుపత్రులు, కాలేజీలు, సహకార బ్యాంకులు, ఇరవై ముప్పై మంది పనిచేసే కంపెనీల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లని నిర్వాహకులు చెప్పారు. అంటే సర్వర్ పనీ మీదే, ప్రింటర్ పనీ మీదే, మేనేజర్ గారి లాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తుంటే అదీ మీ పనే. విడిగా సెక్యూరిటీ టీమ్ అంటూ ఉండదు. పెద్ద బ్యాంకులకూ టెలికాం కంపెనీలకూ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను మీతో మాట్లాడదామని వచ్చాను.

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మా ఫైర్‌వాల్ లాగ్, అదే నెట్‌వర్క్ కాపలా ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా, తెరిస్తే రోజూ ఎవడో ఒకడు లోపలికి రావడానికి ప్రయత్నిస్తూనే ఉంటాడు. ఇవన్నీ ఎవరికైనా చెప్పాలా? చెబితే పట్టించుకుంటారా?"

ఇందులో సగం తేలిక. ఇంటర్నెట్‌కు కనిపించేలా ఏ మెషీన్ పెట్టినా, ఇంటర్నెట్‌లో దాని నంబర్ అయిన ఐపీ అడ్రస్ మీరు ఎవరికీ చెప్పకపోయినా, కాసేపట్లోనే స్కాన్లు, అంటే ఏ తలుపు తెరిచి ఉందో తట్టి చూడటాలు, మొదలవుతాయి. కొత్త లినక్స్ సర్వర్ పెట్టి, దూరం నుంచి లాగిన్ అయ్యే దారి పోర్ట్ 22 తెరిచి ఉంచి, ఒక పూట ఆగి లాగ్ చూసినవాళ్లకు తెలుసు, రూట్ అనీ అడ్మిన్ అనీ టెస్ట్ అనీ వరసగా పేర్లు వేసి పాస్‌వర్డ్ కొట్టి ఫెయిలైన లైన్లు వందల్లో ఉంటాయి. వాటి వెనక మీ మీద పగబట్టిన మనిషెవరూ లేరు, ప్రపంచంలో ఉన్న అడ్రస్‌లన్నీ వరసపెట్టి చూసుకుంటూ పోయే ప్రోగ్రాములు అవి. వాటిని ఒక్కొక్కటీ సెర్ట్-ఇన్‌కు, అంటే సైబర్ దాడుల సంగతి చూసే మన జాతీయ సంస్థకు, రిపోర్ట్ చేయక్కర్లేదు. పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, మీ మెషీన్‌లో ఉండే రహస్య ఫైల్‌తో జరిగే కీ లాగిన్ పెట్టండి, అవసరం లేని పోర్టులు మూసేయండి, మీ పని మీరు చూసుకోండి. అలాంటివి రోజూ పంపిస్తూ కూర్చుంటే మీ టైమ్ పోతుంది, అవతల చదివేవాళ్లకు అసలైనది వెతుక్కునే టైమ్ కూడా పోతుంది.

మిగతా సగం దగ్గరే మనవాళ్లు ఆగిపోతున్నారు. అర్ధరాత్రి రెండింటికి, సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉండే అడ్మిన్ గ్రూపులో కొత్త యూజర్ చేరాడు, ఎవరు చేర్చారో తెలియదు. యాంటీవైరస్ తనంతట తాను ఆగిపోయింది. బ్యాకప్ జాబ్ ఎప్పుడూ ఆగనిది ఆగింది. అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసే ఆమె ఒక మెయిల్‌లో ఉన్న ఫైల్ తెరిచింది, ఏమీ తెరుచుకోలేదు, సిస్టమ్ ఒకసారి మినుక్కుమంది, అంతే. ఆఫీసులో ఎవరూ లేని టైమ్‌లో మీ సర్వర్ ఎక్కడో తెలియని అడ్రస్‌కు గంటకోసారి కొద్దికొద్దిగా డేటా పంపుతోంది. లేదా ఇన్నాళ్లూ గుడ్డిగా జరిగిన లాగిన్ ప్రయత్నాలు ఇప్పుడు మీ ఉద్యోగుల అసలు పేర్లతో జరుగుతున్నాయి. ఇలాంటివి చూసినప్పుడు మనలో చాలామంది అనుకునే మాట ఒకటే, "ముందు ఖాయం చేసుకుందాం, తర్వాత చెబుదాం." నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఈ మాట గురించే. ఖాయం చేసుకోవడం మీ బాధ్యత కాదు. అలా చేసుకోవడానికి కావలసిన సమాచారం మీ ఒక్కరి దగ్గర ఎప్పటికీ ఉండదు కూడా.

మన ఊళ్లో జరిగిందే తీసుకుందాం. ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ సంగతి మీరందరూ పేపర్లో చదివే ఉంటారు. 2022 జనవరిలో, సరిగ్గా వారాంతం చూసుకుని, బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు తరలించేశారు. ముందు కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి వందల ఖాతాల్లోకి, ఆ తర్వాత దేశంలో రకరకాల చోట్ల ఏటీఎంల నుంచి నగదుగా తీసుకెళ్లిపోయారు. అందరూ గుర్తుపెట్టుకున్నది డబ్బు సంగతి. నన్ను కలవరపెట్టింది తర్వాత హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన తేదీలు. బ్యాంకు ఉద్యోగులకు నమ్మించి మోసం చేసే ఫిషింగ్ మెయిళ్లు వచ్చింది 2021 నవంబర్‌లో. వాటిని తెరవడంతో దూరం నుంచి సిస్టమ్‌ను నడిపించే ట్రోజన్ లోపలికి దిగింది. డబ్బు పోయింది జనవరి నాలుగో వారంలో. మధ్యలో రెండు నెలలు! ఆ రెండు నెలలూ దాడి చేసినవాళ్లు లోపల కూర్చుని ఏ స్క్రీన్ ఎలా ఉంటుంది, ఎవరి పాస్‌వర్డ్ ఏమిటి, ఏ ఖాతాకు ఎంత పరిమితి ఉంది అన్నీ చూసుకున్నారు. అక్కడ భద్రతా ఏర్పాట్లు సరిగా లేవని పోలీసులే చెప్పారు, అది వేరే చర్చ. నేను అడిగేది ఇంతే: నవంబర్‌లో ఒక్క మనిషి "ఈ మెయిల్ ఏదో తేడాగా ఉంది" అని బయట ఒక్క చోట చెప్పి ఉంటే? మెయిల్ శాంపిల్ ఎవరైనా విప్పి చూసేవారు, అది ఏ అడ్రస్‌తో మాట్లాడుతుందో తెలిసేది, ఆ అడ్రస్ కోసం బ్యాంకు ఫైర్‌వాల్‌లో వెతికితే అప్పటికే పాకిన మెషీన్లు కనిపించేవి. ఇందులో మహా పరిశోధనేమీ లేదు, దాడుల సంగతి చూసే ఏ రెస్పాన్స్ టీమైనా రోజూ చేసే పనే.

ఇప్పుడు భయాల గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే చట్టం కంటే ఇవే మనల్ని ఎక్కువ ఆపుతున్నాయి. తప్పయితే నవ్వుతారేమో. మేనేజర్ "నువ్వేం చేస్తున్నావ్ ఇన్నాళ్లూ" అంటాడేమో. సంస్థ పేరు బయటికొస్తే పేషెంట్లు, కస్టమర్లు వెళ్లిపోతారేమో. పోలీసులొచ్చి సర్వర్ ఎత్తుకెళ్తారేమో. నేను దగ్గరగా చూసిన ఒక ఆసుపత్రి ఉంది, పేరు చెప్పను. అక్కడ పనిచేసే కుర్రాడు శుక్రవారం సాయంత్రం రెండు విషయాలు గమనించాడు, అడ్మిన్ గ్రూపులో కొత్త పేరు ఒకటి, ఆగిపోయిన బ్యాకప్. రెండూ సరిగ్గా చూశాడు. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక్కోసారి చూడనివి చూశాడు. కానీ చెప్పడానికి జంకాడు, సోమవారం చూద్దాంలే అనుకున్నాడు. ఆదివారానికి ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ అన్నీ తాళం పడిపోయాయి. అప్పుడు కంగారులో యాజమాన్యం ఏం చేసిందంటే, సర్వర్లన్నీ ఫార్మాట్ కొట్టించి కొత్తగా ఇన్‌స్టాల్ చేయించింది, ఆ తర్వాత మాలాంటివాళ్లకు ఫోన్ చేసింది. చూడటానికి ఏం మిగిలింది అక్కడ? దాడి చేసినవాళ్లు ఎటునుంచి వచ్చారో తెలియలేదు కాబట్టి ఆ దారి మూయలేదు, కొన్ని వారాలకు అదే దారిలో మళ్లీ వచ్చారు. ఆ కుర్రాడిని అందరూ తిట్టారు. నాకు మాత్రం ఆ సంస్థ మీద కోపం వచ్చింది, ఎందుకంటే అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో వాడికి ఒక్కరోజైనా ఎవరూ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం చెప్పడానికి ఒక నంబర్, చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం, ఈ రెండూ ఇచ్చి ఉంటే ఆ పేషెంట్ల రిపోర్టులు ఉండేవి.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగిన కథ ఒకటి చెబుతాను. 2020 చివర్లో అమెరికాలో ఫైర్‌ఐ అనే సెక్యూరిటీ కంపెనీలో ఒక ఉద్యోగి పేరు మీద లాగిన్ కోసం రెండో ఫోన్ రిజిస్టర్ అయింది. ఫోన్ మార్చుకోవడం మామూలే కదా, మనం చూసినా వదిలేస్తాం. వాళ్ల టీమ్‌లో ఒకరు వదల్లేదు, ఆ ఉద్యోగికి ఫోన్ చేసి "ఇది మీదేనా" అని అడిగారు. కాదన్నాడు. అక్కడి నుంచి తవ్వుకుంటూ పోతే సోలార్‌విండ్స్ అనే కంపెనీ పంపించే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే విషం కలిపారని తేలింది. ఆ అప్‌డేట్ దాదాపు 18,000 సంస్థల దాకా వెళ్లింది, అమెరికా ఖజానా శాఖ, వాణిజ్య శాఖ దాకా పాకింది, నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఫైర్‌ఐ డిసెంబర్ 8న తన పేరుతోనే, "మా మీదే దాడి జరిగింది, మా పరికరాలు దొంగిలించారు" అని బయటపెట్టింది, వాటిని గుర్తుపట్టే పద్ధతులు కూడా అందరికీ ఇచ్చేసింది. అప్పటికి మొత్తం కథ వాళ్లకూ తెలియదు, సోలార్‌విండ్స్ పేరు బయటికొచ్చింది మరో ఐదు రోజులకు. సెక్యూరిటీ అమ్ముకుని బతికే కంపెనీకి "మమ్మల్నే కొట్టారు" అని చెప్పుకోవడం కంటే పరువు తక్కువ పని ఉంటుందా? అయినా చెప్పారు. ఆ ఒక్క ఫోన్ కాల్ లేకపోతే ఇంకెన్ని నెలలు నడిచేదో.

అసలు ఈ రెస్పాన్స్ టీమ్‌లు ఎందుకు పుట్టాయో కొంచెం చెప్పుకుంటే వాళ్లకు మన రిపోర్ట్ ఎందుకు కావాలో అర్థమవుతుంది. 1988 నవంబర్ 2 రాత్రి రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్, అంటే తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కు పాకే ప్రోగ్రామ్, అప్పటి ఇంటర్నెట్‌లో వేల మెషీన్లను స్తంభింపజేసింది. అందరూ మోరిస్ గురించి చెబుతారు గానీ నాకు ముఖ్యమనిపించేది వేరే సంగతి. చేయి దాటిపోయిందని తెలిశాక మోరిస్ తన స్నేహితుడి ద్వారా దాన్ని ఎలా ఆపాలో చెప్పే సందేశం ఒకటి పంపించాడు. ఆ సందేశం ప్రయాణించాల్సిన మెయిల్ దారులన్నీ అదే వర్మ్ వల్ల మూతపడి ఉన్నాయి, కొన్నిచోట్ల భయంతో వాళ్లే మూసేశారు. దాంతో విరుగుడు చెప్పిన మాట కూడా సమయానికి ఎవరికీ అందలేదు. ఒక యూనివర్సిటీకి తెలిసింది పక్క యూనివర్సిటీకి తెలియదు, ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికీ తెలియదు. ఆ నెలలోనే పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సెర్ట్ కోఆర్డినేషన్ సెంటర్ పెట్టారు. అందరూ ఒకచోటికి చెప్పాలి, అక్కడి నుంచి అందరికీ తెలియాలి, దాని పని అదే. మన దేశానికి సెర్ట్-ఇన్ 2004 జనవరిలో వచ్చింది. ఐటీ చట్టం సెక్షన్ 70బి కింద సైబర్ సంఘటనలకు జాతీయ సంస్థ అదే.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డెంగీ కేసు వస్తే జిల్లాకు చెప్పాలని నియమం ఉంది కదా. ఒక పీహెచ్‌సీలో ఇద్దరికి జ్వరం వస్తే అక్కడి డాక్టరుకు అది ఇద్దరి జ్వరమే. జిల్లా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు పది పీహెచ్‌సీల కాగితాలు ఒకేసారి కనిపిస్తాయి, ఏ వాగు పక్కన ఏం జరుగుతోందో వాళ్లకు తెలుస్తుంది. నెట్‌వర్క్ దాడులూ ఇంతే. 2000లో యోహానెస్ ఉల్రిచ్ అనే ఆయన డీషీల్డ్ అని మొదలుపెట్టాడు, మామూలు మనుషులు తమ ఫైర్‌వాల్ లాగ్‌లు పంపిస్తే వాటిని కలిపి చూడటం. 2001 మార్చిలో, వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే సర్వర్లు వాడే పోర్ట్ 53 మీదికి స్కాన్లు ఉన్నట్టుండి పెరిగాయి. విడివిడిగా చూస్తే ఎవరి దగ్గరా అవి నాలుగైదు లైన్లకు మించవు. అన్నీ కలిపి చూసినవాళ్లు అది లయన్ అనే కొత్త వర్మ్ అని పట్టుకుని, దాన్ని గుర్తించే ప్రోగ్రామ్ తయారుచేసి పంచారు.

కాబట్టి మీ అనుమానం తప్పు కావచ్చేమోనని దాచుకోవద్దు. మీకు ఒంటరి లైన్‌లా కనిపించేది అవతల వాళ్లకు ఏడో ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడో లైన్ కావచ్చు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. గమనించిన ఆరు గంటల్లోపు రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, మెషీన్ల గడియారాలు ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలి. సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు అందరూ దీని కిందికి వస్తారు. రిపోర్ట్ చేయాల్సిన రకాలు 20 ఉన్నాయి, మొదటిదే కీలకమైన నెట్‌వర్క్‌ల మీద గురిపెట్టి చేసే స్కానింగ్. ఇక్కడ గురిపెట్టి అనే మాట పట్టుకోండి, నేను మొదట చెప్పిన రోజువారీ స్కాన్ల గోల దీని కిందికి రాదు. ఆరు గంటలు చాలా తక్కువని అప్పట్లో పరిశ్రమ అంతా గొడవ చేసింది, ఇద్దరే అడ్మిన్లు ఉన్నచోట అది నిజంగా కష్టమే, ఆ విమర్శ న్యాయమైనదే అంటాను. కానీ ఆరు గంటల్లో పూర్తి నివేదిక అడగలేదు. అప్పటికి తెలిసింది చెప్పండి, మిగతాది తర్వాత పంపండి అని ఆ తర్వాత ఇచ్చిన వివరణలో సెర్ట్-ఇన్నే చెప్పింది. అంటే చట్టం కూడా మీ నుంచి కోరుతున్నది అనుమానాన్నే, తీర్పును కాదు.

సెర్ట్-ఇన్ మీద నాకు ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి, అవి ఇక్కడ చెప్పకపోతే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. రిపోర్ట్ పంపితే నంబర్ వస్తుంది, దాని తర్వాత చాలాసార్లు నిశ్శబ్దం. మనం పంపినది పనికొచ్చిందా, ఇంకెక్కడైనా అలాంటిది కనిపించిందా అని ఒక్క ముక్క చెబితే మరుసటిసారి మనిషి ఉత్సాహంగా చెబుతాడు. వాళ్లు నమోదు చేసిన సంఘటనలు 2019లో సుమారు 3 లక్షల 94 వేలు, 2022లో సుమారు 13 లక్షల 91 వేలు. లెక్క మనకు తెలుస్తుంది, వాటిలో ఎన్ని ఎలా తేలాయో తెలియదు. పైగా 2023 నవంబర్‌లో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. దాడుల వివరాలు రహస్యంగా ఉంచాల్సిన అవసరం నాకు తెలుసు, కానీ జనం నుంచి ఆరు గంటల్లో సమాచారం కోరే సంస్థ జనానికి తిరిగి కొంతైనా చెప్పాలి. ఈ మాట నేను ప్రతి వేదిక మీదా అంటూనే ఉంటాను. అంటూనే రిపోర్ట్ చేయమని కూడా చెబుతాను, ఎందుకంటే వాళ్ల జవాబు బాగా లేదని మనం చెప్పడం మానేస్తే లాభపడేది దాడి చేసేవాడు ఒక్కడే.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఎవరికి చెప్పాలి. డబ్బు పోయిందా? ఇంకేం ఆలోచించకుండా 1930కి ఫోన్. అది హోంశాఖ నడిపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఆపించే అవకాశం అక్కడే ఉంది, ప్రతి నిమిషం లెక్కే. సెర్ట్-ఇన్ పోలీసు కాదు, ఎవరినీ అరెస్ట్ చేయదు, మీ డబ్బు తిరిగి తేదు. దాని పని దాడి ఎలా జరిగిందో చూడటం, ఇంకెవరికీ జరగకుండా హెచ్చరించడం. దాని టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-4949, ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఇప్పుడే. మెయిల్ కూడా పంపొచ్చు. బ్యాంకువాళ్లు రిజర్వ్ బ్యాంకుకు కూడా చెప్పాలి, 2016 నుంచే రెండు నుంచి ఆరు గంటల్లోపు చెప్పాలని నియమం ఉంది. పవర్, టెలికాం లాంటి కీలక వ్యవస్థలవాళ్లకు ఎన్‌సీఐఐపీసీ అని ఇంకో సంస్థ ఉంది. ఇక్కడెవరైనా డిస్కంల నుంచి వచ్చారా? మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, 2019లో మన రెండు రాష్ట్రాల డిస్కంల వెబ్‌సైట్లు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడ్డప్పటి టెన్షన్ మీరే చూశారు.

ఏం రాయాలి అనేది ఇంకా ముఖ్యం. "మా సర్వర్ హ్యాక్ అయింది, దయచేసి సహాయం చేయండి" అని ఒక్క లైన్ పంపితే అవతలివాళ్లు ఏం చేయగలరు? టైమ్ రాయండి, అది మన టైమా, ప్రపంచ ప్రామాణిక టైమ్ యూటీసీనా అన్నది కూడా రాయండి. అయిదున్నర గంటల తేడాలో ఇంటర్నెట్ కంపెనీ లాగ్‌లో ఒక ఐపీ అడ్రస్ వెనకున్న మనిషే మారిపోతాడు. ఎటునుంచి వచ్చింది, ఏ పోర్ట్, మీ ఏ మెషీన్ మీదికి వచ్చింది, ఆ చుట్టుపక్కల లాగ్ లైన్లు ఉన్నవి ఉన్నట్టుగా, స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గానే. ఫిషింగ్ మెయిల్ అయితే ఫార్వర్డ్ కొట్టకండి, ఎటునుంచి ఎలా వచ్చిందో చెప్పే హెడర్లతో సహా అసలు ఫైల్‌గా సేవ్ చేసి జతచేయండి, ఫార్వర్డ్ చేస్తే అసలు ఆనవాళ్లు పోతాయి. మీరు ఇప్పటిదాకా ఏం చేశారు, తిరిగి ఫోన్ చేయడానికి నంబర్. అంతే. పేషెంట్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఆధార్ నంబర్లు పంపకండి, వాళ్లకు అవి అవసరం లేదు.

ఇంకోటి, దయచేసి ఫార్మాట్ కొట్టకండి. మెషీన్ ఆపేయకండి కూడా, నెట్‌వర్క్ కేబుల్ మాత్రం తీసేయండి. చాలా దాడుల ఆనవాళ్లు మెమరీలోనే ఉంటాయి, పవర్ తీస్తే పోతాయి. ఎదురు దాడి అసలే వద్దు. ఆ ఐపీని మేమూ కొట్టాం మేడమ్ అని గర్వంగా చెప్పేవాళ్లు ఉన్నారు. ఐటీ చట్టం సెక్షన్ 66 మీకూ వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు. పైగా ఆ ఐపీ దాడి చేసినవాడిది కాకపోవచ్చు. 2016లో మిరాయ్ బాట్‌నెట్, అంటే దాడి చేసేవాడు చెప్పినట్టల్లా ఆడే మెషీన్ల గుంపు, ప్రపంచాన్ని వణికించింది వేటితో? ఇళ్లలో, షాపుల్లో పెట్టుకున్న కెమెరాలు, రౌటర్లతో. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని పాపానికి వాటి యజమానులకే తెలియకుండా దాడిలో పాల్గొన్నాయి. మీరు ఎదురు కొట్టేది అలాంటి ఏ కిరాణా షాపు కెమెరానో అయి ఉంటుంది.

పెద్ద సంస్థలకేం, వాళ్లు చూసుకుంటారు అనుకోకండి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌కు ఏమైందో అందరం చూశాం. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యాయి, అంటే ఎవరూ చదవలేకుండా తాళం పడ్డాయి. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా భాగాలుగా విడగొట్టకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అంత పెద్ద ఆసుపత్రిలోనే అలా ఉంటే, మీ నెట్‌వర్క్ మొత్తం ఒకే స్విచ్ మీద ఉన్నచోట ఒక మెషీన్‌లో మొదలైంది మొత్తానికి పాకడానికి ఎంతసేపు పడుతుంది? మీకు దొరికే వ్యవధి వాళ్లకంటే తక్కువ. అందుకే మీరు ఇంకా తొందరగా చెప్పాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడమ్, మా మేనేజ్‌మెంట్ స్పష్టంగా చెప్పింది, బయటికి ఏదీ వెళ్లకూడదని. నేను చెబితే నా ఉద్యోగం పోతుంది.

మీ పరిస్థితి నాకు అర్థమైంది, ధైర్యంగా ఉండండి అని ఊరికే చెప్పి పంపను. ముందు వాళ్లకే రాతపూర్వకంగా చెప్పండి. మెయిల్‌లో, టైమ్‌తో సహా, "ఫలానా గంటకు ఇది గమనించాను, 2022 ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాల్సిన రకం ఇది" అని. బాధ్యత సంస్థ మీద ఉంది, మీ మెయిల్ ఆ సంగతి వాళ్లకు గుర్తుచేస్తుంది, రేపు గొడవైతే మిమ్మల్ని కాపాడుతుంది. దాచిపెడితే ఏమవుతుందో వాళ్లకు ఉదాహరణ కావాలంటే ఉబర్ సంగతి చెప్పండి. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోతే, ఎత్తుకెళ్లినవాళ్లకు లక్ష డాలర్లు ఇచ్చి దాచారు. 2022 అక్టోబర్‌లో అప్పట్లో అక్కడ సెక్యూరిటీ అధిపతిగా ఉన్న జో సలివన్‌ను అమెరికా కోర్టులో దోషిగా తేల్చారు. దాడి జరిగినందుకు కాదు ఆ శిక్ష, దాచినందుకు. ఈ మాట మీ డైరెక్టర్లకు వాళ్ల లాయర్ ద్వారా చెప్పించండి, అడ్మిన్ చెబితే విననివాళ్లు లాయర్ చెబితే వింటారు.

ప్రశ్న: మాది పన్నెండు మంది ఉన్న కంపెనీ. మా దగ్గర ఏముందని మా మీద దాడి చేస్తారు?

మీ దగ్గర ఏమీ లేకపోవచ్చు, మీ కస్టమర్ దగ్గర ఉంటుంది. మీరు ఎవరి సాఫ్ట్‌వేర్ చూస్తున్నారు? చూశారా, మూడు కాలేజీలు అంటున్నారు. ఆ మూడు కాలేజీల సర్వర్లలోకి వెళ్లే పాస్‌వర్డ్‌లు మీ లాప్‌టాప్‌లో ఉన్నాయి, వాడికి కావాల్సింది అదే. మీకు ఏదైనా అనుమానం వస్తే సెర్ట్-ఇన్‌తో పాటు ఆ కాలేజీలకూ అదే రోజు చెప్పండి. కాంట్రాక్ట్ పోతుందని మీకు భయం ఉంటుంది, నిజమే, పోవచ్చు కూడా. కానీ మీ వల్ల జరిగిందని ఆర్నెల్ల తర్వాత వాళ్లే కనుక్కుంటే కచ్చితంగా పోతుంది, ఈ ఊళ్లో ఇంకోటి దొరకదు.

ప్రశ్న: మేడమ్, మా కాలేజీకి విదేశం నుంచి ఒక మెయిల్ వచ్చింది, మీ ఐపీ నుంచి మా మీద స్కాన్ జరుగుతోంది అని. ఇది మోసమేమో అని డిలీట్ చేశాం.

ట్రాష్‌లో ఇంకా ఉంటే వెనక్కి తీయండి. అందులో లింకులుంటే నొక్కకండి, అటాచ్‌మెంట్ తెరవకండి, కానీ రాసిన టైమూ ఐపీ నంబరూ నిజమేనా అని మీ లాగ్‌లో చూసుకోవడానికి వాటి అవసరం లేదు. వాళ్ల టైమ్ ఏ దేశానిదో చూసి మన టైమ్‌లోకి మార్చుకోండి, ఆ నిమిషంలో లోపలి ఏ మెషీన్ బయటికి వెళ్లిందో నాట్ లాగ్‌లో, అంటే ఒకే ఐపీ వెనకున్న మెషీన్లలో ఏది ఎప్పుడు బయటికి వెళ్లిందో రాసుకునే చిట్టాలో, వెతకండి. నాట్ లాగ్ దాచట్లేదా? అయితే ఆ పని ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి, లేకపోతే రెండు వేల మంది విద్యార్థుల వెనక ఒక మెషీన్‌ను ఎప్పటికీ పట్టుకోలేరు. కాలేజీల్లో నేను చూసినంతవరకు ఇలాంటివి తరచుగా హాస్టల్ సీసీటీవీ డీవీఆర్ దగ్గర తేలతాయి. దొరికితే నెట్‌వర్క్ నుంచి విడదీయండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి, నేరుగా ఇంటర్నెట్‌కు కనిపించకుండా ఫైర్‌వాల్ వెనక పెట్టండి. ఎలా శుభ్రం చేయాలో తెలియకపోతే సెర్ట్-ఇన్ వాళ్లదే సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉంది, 2017 నుంచి బాట్‌నెట్‌లు తొలగించే టూల్స్ ఉచితంగా ఇస్తున్నారు. తర్వాత ఆ మెయిల్ పంపినవాళ్లకు రెండు లైన్లు రాయండి, చూశాం, తీసేశాం అని. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన పని ఆపుకుని మీకు చెప్పాడు, అతనికి జవాబు ఇవ్వాలి కదా. ఇంకో పని, ఇవాళ ఆఫీసుకు వెళ్లగానే మీ ఐపీ బ్లాక్, అంటే మీ అడ్రస్‌ల వరస, ఎవరి పేరు మీద ఉందో చూపించే హూయిజ్ రికార్డు తెరిచి, ఫిర్యాదుల కోసం అక్కడ ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిదో చూడండి. చాలాచోట్ల అది ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషిది అయి ఉంటుంది, వచ్చిన హెచ్చరికలన్నీ చదివే దిక్కులేక పడి ఉంటాయి. దాన్ని మార్చి, కనీసం ఇద్దరు చదివే ఐడీ పెట్టించండి. మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు మీద బ్లాక్ ఉంటే వాళ్లకు మీ ఇద్దరి నంబర్లు రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.